తియాన్‌జిన్ క్వాన్‌జియాన్: ఐదేళ్ళు బతికిన ఫుట్‌బాల్ జట్టు

2020 మార్చిలో చైనాలో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఒక ప్రకటన ఇచ్చింది. మా క్లబ్బు వాటాలు నూటికి నూరు శాతం ఎవరికైనా ఇచ్చేస్తాము, ధర సున్నా అన్నది దాని సారాంశం. అదేమీ గల్లీ జట్టు కాదు. చైనాలో అన్నిటికంటే పైన ఉండే సూపర్ లీగ్‌లో ఆడుతున్న జట్టు. మూడేళ్ళ క్రితం ఒకే ఒక్క ఆటగాడి కోసం 2 కోట్ల యూరోలు, అంటే అప్పటి లెక్కలో సుమారు 145 కోట్ల రూపాయలు ఇచ్చిన జట్టు. అలాంటిది ఊరికే ఇస్తాము తీసుకోండి అనే దాకా ఎలా వచ్చింది? ఈ వ్యాసంలో ఆ చరిత్రే రాస్తున్నాను.

ఈ జట్టు పేరు నాకు తెలిసింది మా అన్న వల్ల. 2018 ప్రపంచ కప్పుకి వచ్చిన జట్ల పట్టిక ఒకటి అన్న దాచుకున్నాడు. అందులో ప్రతి ఆటగాడి పేరు పక్కన అతను ఆడే క్లబ్బు పేరు ఉంటుంది. బెల్జియం జట్టులో చాలామందివి మనం టీవీలో వినే పేర్లే, మాంచెస్టర్, చెల్సీ, బార్సిలోనా ఇలా. ఆక్సెల్ విట్సెల్ పేరు పక్కన మాత్రం తియాన్‌జిన్ క్వాన్‌జియాన్ అని ఉంది. బెల్జియం ఆ ఏడు ప్రపంచ కప్పులో మూడో స్థానంలో నిలిచింది. ఆ జట్టు నడిమైదానంలో ఆడినవాడు చైనా క్లబ్బు ఆటగాడు! ఆ క్లబ్బు ఇప్పుడు ఏ పట్టికలోనూ లేదు.

ముందుగా ఊరి గురించి చెప్పాలి. తియాన్‌జిన్ బీజింగ్‌కి దగ్గరలో సముద్రం వైపు ఉన్న పెద్ద రేవు నగరం. రెండు నగరాల మధ్య వేగం రైలులో అరగంట ప్రయాణం. హాయ్ నది ఊరి మధ్యలోంచి పోతుంది. తియాన్ అంటే ఆకాశం, జిన్ అంటే రేవు. మింగ్ వంశపు యోంగ్లె చక్రవర్తి అక్కడ నది దాటాడని ఆ పేరు వచ్చిందంటారు. ఫుట్‌బాల్ అంటే ఆ ఊరివాళ్ళకి చాలా ఇష్టం. అక్కడ ముందు నుంచీ ఉన్న పెద్ద జట్టు తియాన్‌జిన్ టెడా. టెడా అనేది ఆ నగరపు ఆర్థికాభివృద్ధి ప్రాంతం పేరు, ఇంగ్లీషు పొడి అక్షరాలు కలిపి చేసింది.

ఇక్కడ ఒక సంగతి అర్థం చేసుకోవాలి. చైనాలో 1994లో వృత్తి లీగ్ మొదలైనప్పటి నుంచి జట్టు పేరులో ముందు ఊరి పేరు, తర్వాత డబ్బు పెట్టే కంపెనీ పేరు ఉండేది. 1994లో మొదటి విజేత దాలియన్ వాండా. వాండా ఒక ఇళ్ళు కట్టే కంపెనీ. కొన్నేళ్ళకి వాండా వెళ్ళిపోయి షిడె అనే కంపెనీ వచ్చింది, జట్టు దాలియన్ షిడె అయింది. ఎనిమిది సార్లు లీగ్ గెలిచిన ఆ జట్టు కూడా తర్వాత మూతపడింది. మన దేశంలోనూ ఇలాంటివి లేకపోలేదు. మా మహారాష్ట్రలో ముంబయి కేంద్రంగా మహీంద్రా యునైటెడ్ ఉండేది, 2010లో మూసేశారు. పంజాబ్‌లో జేసీటీ మిల్లు జట్టు 2011లో ఆగిపోయింది. పూణేలో పూణే సిటీ అనే జట్టు 2014లో పుట్టి 2019లో పోయింది, దాని స్థానంలోకి హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చి 2022లో ఐఎస్‌ఎల్ కప్పు కూడా గెలిచింది. కాబట్టి చైనావాళ్ళని చూసి మనం నవ్వడానికి లేదు.

ఇక మన కథలోని జట్టు 2006లో పుట్టింది. పుట్టింది తియాన్‌జిన్‌లో కాదు, ఇన్నర్ మంగోలియాలోని హోహోట్ నగరంలో. అప్పటి పేరుకి అర్థం నల్ల గుర్రం. తర్వాత తియాన్‌జిన్‌కి వచ్చి తియాన్‌జిన్ సోంగ్‌జియాంగ్ అయింది. కింది లీగ్‌లలో ఆడుతూ ఉండేది. ఊళ్ళో జనమంతా టెడా వైపు ఉంటే దీన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. ఆ కాలం గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

2015లో షు యూహుయి అనే వ్యాపారి వచ్చాడు. ఆయన 2004లో స్థాపించిన కంపెనీ పేరు క్వాన్‌జియాన్. మనం ఇంగ్లీషు అక్షరాలు చూసి ఇలా చదువుతాం గానీ చైనావాళ్ళు దాన్ని చ్వెన్‌జియెన్ అన్నట్టు పలుకుతారు. జియెన్ అంటే ఆరోగ్యం. మూలికా మందులు, ఆరోగ్య పానీయాలు, ఒంటి మీద తడి గుడ్డ కప్పి దాని మీద మంట పెట్టే అగ్ని వైద్యం, ఇవి ఆ కంపెనీ వ్యాపారాలు. బూట్లలో వేసుకునే సోల్ ఒకటి కూడా అమ్మేవాళ్ళు. దాని ధర జత 1,068 యువాన్లు. ఒక యువాన్ పది రూపాయలనుకుంటే పదివేల రూపాయలు పైనే. ఈ సోల్ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాను.

ఆయన మొదట టెడా జట్టుకే స్పాన్సర్‌గా వచ్చాడు. ఆ ఏడు టెడా పేరులో క్వాన్‌జియాన్ పేరు కూడా చేరింది. కానీ పొత్తు కుదరలేదు, కొద్ది నెలల్లోనే విడిపోయారు. మామూలుగా అయితే కథ అక్కడ అయిపోవాలి. ఆయన మాత్రం 2015 జూలైలో అదే ఊళ్ళో ఉన్న రెండో జట్టు సోంగ్‌జియాంగ్‌ని కొనేశాడు. పెద్ద ఇంట్లో గది ఇవ్వకపోతే ఎదురుగా సొంత ఇల్లు కట్టుకున్నట్టు అన్నమాట. అలా తియాన్‌జిన్ క్వాన్‌జియాన్ అనే పేరు పుట్టింది.

ఆ సమయం కూడా ఆయనకి కలిసొచ్చింది. 2015 మార్చిలోనే చైనా ప్రభుత్వం ఫుట్‌బాల్‌ని బాగుచేయడానికి 50 అంశాల ప్రణాళిక ఒకటి ప్రకటించింది. అధ్యక్షుడు షీ జిన్‌పింగ్‌కి ఫుట్‌బాల్ ఇష్టమని, చైనా ఒకరోజు ప్రపంచ కప్పు జరపాలని, గెలవాలని ఆయన కోరికని అందరికీ తెలుసు. దాంతో పెద్ద పెద్ద కంపెనీలు క్లబ్బుల మీద డబ్బు కుమ్మరించాయి. ఫుట్‌బాల్ మీద ఖర్చు పెడితే ప్రభుత్వం దృష్టిలో మంచి పేరు వస్తుంది, టీవీలో రోజూ కంపెనీ పేరు వినిపిస్తుంది. నా ఉద్దేశంలో క్వాన్‌జియాన్ లాంటి కంపెనీకి ఈ రెండోది చాలా ముఖ్యం. మందు అమ్మేవాడికి కావలసింది నమ్మకం. ప్రపంచ ఆటగాళ్ళు ఏ పేరున్న చొక్కా వేసుకుంటారో ఆ పేరు మీద జనానికి నమ్మకం కలుగుతుంది.

2016లో జట్టు రెండో లీగ్‌లో ఆడింది. కోచ్‌గా వాండర్లే లక్సెంబుర్గో వచ్చాడు. ఈయన బ్రెజిల్ దేశపు జట్టుకీ, రియల్ మాడ్రిడ్‌కీ కోచ్‌గా చేసిన మనిషి. అలాంటివాడు చైనా రెండో లీగ్‌కి రావడమే వింత. బ్రెజిల్ నుంచి లూయిస్ ఫాబియానో, జాడ్సన్, జెవ్వానియో వచ్చారు. అయినా ఫలితాలు బాగాలేవని సీజన్ మధ్యలో లక్సెంబుర్గోని తీసేశారు. ఆయన చోటులోకి ఫాబియో కన్నవారో వచ్చాడు. 2006 ప్రపంచ కప్పు గెలిచిన ఇటలీ కెప్టెన్ ఈయనే. జట్టు అక్కడి నుంచి పుంజుకుని ఆ లీగ్ గెలిచి సూపర్ లీగ్‌కి ఎక్కింది. ఫాబియానో 22 గోల్స్ కొట్టి లీగ్‌లో అందరికంటే ముందు నిలిచాడు. క్లబ్బు చరిత్రలో గెలిచిన పెద్ద ట్రోఫీ అదొక్కటే.

2017 జనవరిలో అసలు ఖర్చు మొదలైంది. విట్సెల్‌ని రష్యాలోని జెనిత్ క్లబ్బు నుంచి 2 కోట్ల యూరోలకి తెచ్చారు. అతన్ని ఇటలీలోని జువెంటస్ కూడా పిలిచింది. జువెంటస్‌ని కాదని చైనా వెళ్ళాడు. తన కుటుంబానికి చైనా ఇచ్చే డబ్బుని కాదనలేకపోయానని అతను దాచకుండా చెప్పాడు. అదే నెల చివర్లో స్పెయిన్‌లోని విల్లారియల్ నుంచి అలెగ్జాండ్రె పాటో వచ్చాడు. ఒకప్పుడు ఏసీ మిలాన్‌లో గొప్ప ఆటగాడు అవుతాడనుకున్న బ్రెజిల్ కుర్రాడు. దక్షిణ కొరియా డిఫెండర్ క్వోన్ క్యుంగ్-వోన్ కూడా అప్పుడే చేరాడు. ఎండాకాలంలో జర్మనీలోని కొలోన్ నుంచి ఆంథోనీ మొడెస్ట్ వచ్చాడు. అయితే మొదట అరువు మీద. ఎందుకంటే ఆ ఏడు జూన్‌లో చైనా ఫుట్‌బాల్ సంఘం ఒక నియమం పెట్టింది. విదేశీ ఆటగాడి మీద నాలుగున్నర కోట్ల యువాన్ల కంటే ఎక్కువ ఖర్చు పెడితే అంతే మొత్తం ఇంకోసారి పిల్లల ఫుట్‌బాల్ నిధికి కట్టాలి. ఖర్చు మరీ మితిమీరిపోతోందని ప్రభుత్వానికే భయం పట్టుకుంది. షాంఘై జట్టు ఒకటి ఆస్కార్ అనే బ్రెజిల్ ఆటగాడికి 6 కోట్ల యూరోలు పెట్టిన రోజులు అవి.

ఆటలో మాత్రం క్వాన్‌జియాన్ నిజంగా బాగా ఆడింది. ఈ మాట చెప్పకపోతే అన్యాయం. కొత్తగా పై లీగ్‌కి వచ్చిన జట్టు మొదటి ఏడే మూడో స్థానంలో నిలిచింది. వాళ్ళ స్టేడియం హాయ్ నది విద్యా ప్రాంతంలో ఉంది, 30,000 మంది పడతారు. విదేశీయులే కాదు, గోల్‌కీపర్ ఝాంగ్ లూ, గువాంగ్‌ఝౌ నుంచి వచ్చిన ఝావో షూరి, సున్ కె లాంటి చైనా ఆటగాళ్ళు కూడా జట్టుకి వెన్నెముకలా నిలిచారు. మూడో స్థానం వల్ల ఆసియా చాంపియన్స్ లీగ్‌లో ఆడే అవకాశం వచ్చింది. సీజన్ అయ్యాక కన్నవారో గువాంగ్‌ఝౌ ఎవర్‌గ్రాండ్‌కి వెళ్ళిపోయాడు. పోర్చుగల్‌కి చెందిన పాలో సౌసా కొత్త కోచ్ అయ్యాడు.

2018 ఆసియా లీగ్ ఈ క్లబ్బుకి దక్కిన అన్నిటికంటే మంచి రోజులు. మొదట ఫిలిప్పీన్స్ జట్టు సెరెస్-నెగ్రోస్‌ని 2-0తో ఓడించి లోపలికి వెళ్ళారు. గ్రూపులో కొరియా చాంపియన్ జియోన్‌బుక్ ఉంది. కొరియాలో 6-3తో చిత్తుగా ఓడిపోయారు. అదే జట్టుని తమ ఊళ్ళో 4-2తో ఓడించారు! రెండో స్థానంతో గ్రూపు దాటారు. తర్వాత ఎదురైంది ఎవరనుకుంటున్నారు? గువాంగ్‌ఝౌ ఎవర్‌గ్రాండ్. అంతకు ముందు రెండు సార్లు ఆసియా కప్పు గెలిచిన జట్టు. దాని కోచ్ తమని వదిలివెళ్ళిన కన్నవారో. తియాన్‌జిన్‌లో 0-0. గువాంగ్‌ఝౌలో 2-2. గోల్స్ సమానమైతే పరాయి మైదానంలో ఎక్కువ గోల్స్ కొట్టిన జట్టు గెలిచినట్టు లెక్క, అప్పటి నియమం అది. అలా క్వాన్‌జియాన్ ఆసియాలో చివరి ఎనిమిది జట్లలోకి చేరింది.

క్వార్టర్ ఫైనల్‌లో జపాన్ జట్టు కషిమా ఆంట్లర్స్ ఎదురైంది. మొదటి మ్యాచ్ జపాన్‌లో 0-2. రెండోది తియాన్‌జిన్‌లో జరగాలి. కానీ అదే రోజుల్లో ఆ నగరంలో ప్రపంచ ఆర్థిక వేదిక సమావేశం జరుగుతోంది. అందుకని మ్యాచ్‌ని దాదాపు దేశం ఆ చివర ఉన్న మకావుకి మార్చారు. క్లబ్బు చరిత్రలో అన్నిటికంటే పెద్ద మ్యాచ్, సొంత ఊరివాళ్ళు చూడటానికి లేకుండా 2018 సెప్టెంబర్ 18న మకావులో జరిగింది. 0-3తో ఓడిపోయారు. సొంత మైదానంలో ఆడితే గెలిచేవాళ్ళని నేను అనను, కషిమా ఆ ఏడు కప్పే గెలిచింది. కానీ ఆ మ్యాచ్ తియాన్‌జిన్ జనానికి దక్కాల్సింది.

అప్పటికే పగుళ్ళు కనిపిస్తున్నాయి. ప్రపంచ కప్పు అయ్యాక ఆగస్టులో విట్సెల్ జర్మనీలోని డార్ట్‌మండ్‌కి వెళ్ళిపోయాడు. మొడెస్ట్ తనకి జీతం సరిగా ఇవ్వలేదని ఒప్పందం తెంచుకుని వెళ్ళాడు, విషయం కోర్టుల దాకా పోయింది. అక్టోబర్‌లో సౌసాని తీసేశారు. లీగ్‌లో మూడో స్థానం నుంచి తొమ్మిదో స్థానానికి దిగారు. అయినా కొత్త ఏడాదికి కొరియాలో పేరున్న కోచ్ చోయ్ కాంగ్-హీతో ఒప్పందం చేసుకున్నారు.

2018 డిసెంబర్ 25న డింగ్‌షియాంగ్ డాక్టర్ అనే వైద్య సమాచార సంస్థ ఒక పెద్ద వ్యాసం ప్రచురించింది. అది ఫుట్‌బాల్ గురించి కాదు. ఇన్నర్ మంగోలియాకి చెందిన ఒక నాలుగేళ్ళ పాప గురించి. ఆ పాపకి క్యాన్సర్. ఆస్పత్రిలో వైద్యం జరుగుతుండగా క్వాన్‌జియాన్ మందులతో నయమవుతుందని నమ్మి తల్లిదండ్రులు ఆస్పత్రి వైద్యం ఆపారు. పాపకి జబ్బు ముదిరింది. కానీ క్వాన్‌జియాన్ మందులతో ఈ పాపకి నయమైందని ప్రచారం తిరుగుతూనే ఉంది. తండ్రి కోర్టుకి వెళ్ళినా గెలవలేదు. పాప 2015లో చనిపోయింది. క్వాన్‌జియాన్ ఫుట్‌బాల్ క్లబ్బు కొన్నది అదే ఏడాది.

వ్యాసం కొన్ని గంటల్లోనే దేశమంతా పాకింది. కంపెనీ మొదట అది అబద్ధమని, వ్యాసం వెనక్కి తీసుకోవాలని బెదిరించింది. రాసినవాళ్ళు వెనక్కి తగ్గలేదు. రెండు రోజుల్లో తియాన్‌జిన్ ప్రభుత్వం విచారణ బృందాన్ని వేసింది. జనవరి మొదటి వారంలోనే షు యూహుయితో సహా 18 మందిని పోలీసులు పట్టుకున్నారు. సంవత్సరం తర్వాత, 2020 జనవరి 8న కోర్టు ఆయనకి తొమ్మిదేళ్ళ జైలు, 5 కోట్ల యువాన్ల జరిమానా వేసింది. కంపెనీకి 10 కోట్ల యువాన్లు. నేరం ఏమిటంటే గొలుసుకట్టు వ్యాపారం నడపడం.

గొలుసుకట్టు అంటే మన పెద్దవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. నువ్వు డబ్బు కట్టి సరుకు కొని సభ్యుడివి అవ్వాలి, తర్వాత ఇంకొందరిని చేర్చాలి, వాళ్ళు కట్టినదాంట్లో నీకు వాటా. సరుకు అమ్మితే వచ్చేదాని కంటే మనిషిని చేర్చితే వచ్చేదే ఎక్కువ. లెక్కల సార్ మాతో ఒకసారి ఈ లెక్క చేయించారు. ఒక్కొక్కరు ఆరుగురిని చేర్చాలనుకుందాం. ఒకరి కింద 6, వాళ్ళ కింద 36, వాళ్ళ కింద 216. పదో మెట్టులో 6 కోట్ల మంది కావాలి. పదకొండో మెట్టులో 36 కోట్లు. పన్నెండో మెట్టులో 217 కోట్ల మంది కావాలి. చైనా జనాభా మొత్తం 140 కోట్లు. అంటే పన్నెండు మెట్లకే దేశంలో మనుషులు అయిపోతారు. చివరి మెట్టులో చేరినవాళ్ళు డబ్బు పోగొట్టుకోవడం పొరపాటున జరిగేది కాదు, ఆ లెక్కలోనే ఉంది. మరి చివరి మెట్టులో ఉండేది ఎవరు? పల్లెల్లో ముసలివాళ్ళు, జబ్బు మనుషులు ఉన్న ఇళ్ళవాళ్ళు, ఉద్యోగం లేనివాళ్ళు.

ఇప్పుడు సోల్ సంగతికి వస్తాను. విట్సెల్‌కి ఇచ్చిన 2 కోట్ల యూరోలు అప్పటి మారకంలో సుమారు 14 కోట్ల 60 లక్షల యువాన్లు. దాన్ని 1,068తో భాగిస్తే లక్షా ముప్పై ఆరు వేలు దాటుతుంది. అంటే ఒక్క విట్సెల్‌ని తేవడానికి లక్షా ముప్పై ఆరు వేల జతల సోల్స్ అమ్మాలి. అదీ సోల్ తయారీకి పైసా ఖర్చు కాకపోతే. అతని జీతం, పాటో, మొడెస్ట్, కోచ్‌లు వేరే. కంపెనీ పుస్తకాల్లో ఏ డబ్బు ఎటు పోయిందో నేను చూడలేదు, ఇది కేవలం నా నోటు పుస్తకంలో లెక్క. కానీ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో అడగకుండా స్టేడియంలో చప్పట్లు కొట్టడం ఎంత తేలికో ఈ లెక్క చేసినప్పుడు నాకు అర్థమైంది. విట్సెల్‌ది తప్పు కాదు. చప్పట్లు కొట్టిన 30,000 మందిదీ తప్పు కాదు. అయినా ఆ డబ్బు ఎవరిదో వాళ్ళ దగ్గరికి మాత్రం తిరిగి వెళ్ళలేదు.

యజమాని జైల్లో పడ్డాక క్లబ్బుని నగర ఫుట్‌బాల్ సంఘం చేతిలోకి తీసుకుంది. చొక్కాల మీద, గేటు మీద ఉన్న క్వాన్‌జియాన్ పేరు పోయింది. కొత్త పేరు తియాన్‌జిన్ తియాన్‌హాయ్. హాయ్ అంటే సముద్రం. ఆకాశమూ సముద్రమూ కలిసిన అందమైన పేరు, కానీ ఆ పేరుతో ఎవరూ గొంతు చించుకుని అరిచిన రోజులు లేవు. ఒక జట్టుకి ఒక వారంలో పాత పేరు తీసేసి కొత్త పేరు పెడితే అభిమాని ఏమని అరవాలి? పాత పేరు అరిస్తే గొలుసుకట్టు కంపెనీ పేరు అరిచినట్టు. కొత్త పేరు అరిస్తే నోటికి అలవాటు లేదు.

చోయ్ కాంగ్-హీ రాకుండానే ఒప్పందం రద్దయింది, దాలియన్ జట్టుకి వెళ్ళాడు. పాటో మార్చిలో బ్రెజిల్‌కి తిరిగి వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళతో 2019 సీజన్ ఆడారు. ఏడాదిలో కోచ్‌లు మారుతూనే ఉన్నారు, చివర్లో చైనా పాత డిఫెండర్ లీ వెయిఫెంగ్ బాధ్యత తీసుకున్నాడు. 16 జట్లలో 14వ స్థానం. చివరి రెండు జట్లు, షెన్‌ఝెన్, బీజింగ్ రెన్హె, కింది లీగ్‌కి పోవాలి. అంటే ఒక్క మెట్టు తేడాతో తియాన్‌హాయ్ బతికింది. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన ఏడాది ఇదే. డబ్బు లేదు, యజమాని లేడు, వచ్చే ఏడు జట్టు ఉంటుందో లేదో తెలియదు. అయినా వాళ్ళు చివరి దాకా ఆడి పై లీగ్‌లో నిలబడ్డారు. మూడో స్థానం తెచ్చిన జట్టుకి కోట్ల యూరోలు ఖర్చయ్యాయి. పద్నాలుగో స్థానం మాత్రం వాళ్ళు ఉన్నవాళ్ళతోనే సంపాదించారు.

తర్వాత 2020 వచ్చింది. కరోనా వల్ల లీగ్ మొదలవడమే వాయిదా పడింది. మ్యాచ్‌లు లేవు, టికెట్లు లేవు. క్లబ్బు నెత్తిన బకాయిలు ఉన్నాయి. అప్పుడు వచ్చింది నేను మొదట చెప్పిన సున్నా ధర ప్రకటన. వాన్‌టాంగ్ అనే కంపెనీ తీసుకుంటానని ముందుకొచ్చింది, సంతకాలు కూడా అయ్యాయి. సున్నా ధర అంటే ఊరికే వచ్చినట్టు కాదు కదా, క్లబ్బుతో పాటు అప్పులు కూడా వస్తాయి, జీతాలు వస్తాయి. ఆ బేరం పూర్తి కాలేదు. 2020 మే 12న క్లబ్బు తాము లీగ్ నుంచి తప్పుకుంటున్నామని, మూసేస్తున్నామని ప్రకటించింది. కింది లీగ్‌కి పోవలసిన షెన్‌ఝెన్‌ని వాళ్ళ ఖాళీలో పై లీగ్‌లోనే ఉంచారు.

ఆ డిసెంబర్‌లో చైనా ఫుట్‌బాల్ సంఘం ఒక కొత్త నియమం చెప్పింది. 2021 నుంచి ఏ క్లబ్బు పేరులోనూ యజమాని కంపెనీ పేరు ఉండకూడదు. గువాంగ్‌ఝౌ ఎవర్‌గ్రాండ్ వట్టి గువాంగ్‌ఝౌ అయింది. తియాన్‌జిన్ టెడా పేరు జిన్‌మెన్ టైగర్ అని మారింది, ఆ జట్టు కష్టాలు పడుతూనే బతికింది. ఈ నియమం మంచిదే, కానీ ఆలస్యమైంది. పైగా అది సరిపోదని నా అభిప్రాయం. జియాంగ్సు జట్టుని చూడండి. సునింగ్ అనే దుకాణాల కంపెనీది. 2020 నవంబర్‌లో సూపర్ లీగ్ చాంపియన్ అయింది, 2021 ఫిబ్రవరి 28న ఆగిపోయింది. విజేతగా నిలిచి నాలుగు నెలలు కూడా కాలేదు. ఎనిమిది సార్లు లీగ్ గెలిచిన గువాంగ్‌ఝౌ 2025 జనవరిలో అప్పులు తీర్చలేక మూతపడింది. అప్పటికి దాని పేరులో ఏ కంపెనీ లేదు. పేరు తీసినా జేబు ఒక్కరిదే అయితే ఆ జేబు చిరిగిన రోజే జట్టు కూడా జారిపోతుంది. జర్మనీలో చాలా క్లబ్బుల్లో సగానికి పైగా ఓట్లు సభ్యుల చేతిలోనే ఉండాలన్న నియమం ఉంది. విట్సెల్ వెళ్ళిన డార్ట్‌మండ్ అలాంటిదే. అక్కడ కూడా డబ్బు కష్టాలు వచ్చాయి, 2005లో దివాలా అంచు దాకా వెళ్ళింది. కానీ జట్టు పోలేదు.

2020 సీజన్ జూలై 25న ప్రేక్షకులు లేకుండా దాలియన్, సుఝౌ నగరాల్లో మొదలైంది. పట్టికలో 16 జట్లు ఉన్నాయి, తియాన్‌జిన్ నుంచి ఒక్కటే. రికార్డుల్లో ఇంకో సంగతి ఉంది. 2016లో పై లీగ్‌కి ఎక్కిన తర్వాత తియాన్‌జిన్ క్వాన్‌జియాన్, లేదా తియాన్‌హాయ్, ఒక్కసారి కూడా మైదానంలో ఓడి కింది లీగ్‌కి దిగలేదు.